వంపు ఎటుందో పురుగుకు తెలుసు

పత్తి గింజల నూనెలో ఉండే కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం లినోలియిక్ ఆమ్లమే. దాని అణువులో 18 కార్బన్లు, 32 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లు ఉంటాయి. అదే గింజను కాయ లోపల కూర్చుని తినేసే గులాబీ రంగు పురుగు, రెక్కలొచ్చి ఆడపురుగుగా మారాక, మగపురుగును పిలవడానికి చీకట్లో గాలిలోకి ఒక వాసన వదులుతుంది. ఆ వాసన అణువును విప్పి లెక్కపెట్టినా 18 కార్బన్లు, 32 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లే కనిపిస్తాయి. రెండింటిలోనూ కార్బన్ల మధ్య రెండేసి ద్విబంధాలున్నాయి. అణుభారంలో వీసమెత్తు తేడా లేదు. అయినా ఒకటి టన్నులకొద్దీ మిల్లుల్లో పిండి వంటకూ సబ్బుకూ వాడుకునే నూనెలో భాగం. మరొకటి గ్రాములో కోటో వంతు కూడా లేకుండానే ఒక జీవి రాత్రి ప్రయాణాన్ని మళ్లించే సంకేతం. అణుసూత్రం తెలిస్తే పదార్థం తెలిసినట్టే అనుకునేవారికి పల్నాటి పత్తి చేను ఇచ్చే మొదటి జవాబు ఇది.

ఈ మొదటి తేడా పెద్దదే, కానీ అంత ఆశ్చర్యకరమైనది కాదు. ఒకటి ఆమ్లం, మరొకటి ఎస్టర్. ఆక్సిజన్లు కూర్చున్న చోటే వేరు, కాబట్టి గుణాలూ వేరవుతాయి. అసలు ఆశ్చర్యం రెండో మెట్టు మీద ఉంది. పురుగు వాసన అణువులో ఏ పరమాణువు దేనికి అతుక్కుందన్నది ఏమీ మార్చకుండా, ఒక ద్విబంధం దగ్గర గొలుసు ఏ వైపుకు వంగిందన్నది ఒక్కటే మారిస్తే ఆ పిలుపు చెల్లదు. ఆల్కీన్లంటే కార్బన్-కార్బన్ ద్విబంధం ఉన్న పదార్థాలు. వాటి పాఠంలో సిస్, ట్రాన్స్ అన్న రెండు బొమ్మలు పరీక్ష కోసం గీసేవిగానే చాలామందికి గుర్తు. వంపు అనేది కాగితం మీది గీత కాదనీ, బరువులాగా, మరుగు స్థానంలాగా పదార్థానికి ఉండే నిజమైన లక్షణమనీ గుంటూరు, ప్రకాశం మైదానంలో పండే రెండు పంటలతోనే చూపించవచ్చు. (2022 ఏప్రిల్ నుంచి పాత గుంటూరు జిల్లా పత్తిలోనూ మిరపలోనూ పెద్దభాగం పల్నాడు జిల్లా కిందికి వెళ్లింది. ప్రకాశం నుంచి కొంత, గుంటూరు నుంచి కొంత కలిసి బాపట్ల జిల్లా అయింది. నల్లరేగడి మాత్రం ఒక్కటే కనుక ఇక్కడ పాత పేర్లతోనే చెప్పుకుందాం.)

ఆల్కీన్లలో అతి చిన్నది ఇథిలీన్. రెండు కార్బన్లు, నాలుగు హైడ్రోజన్లు, మొత్తం ఆరు పరమాణువులూ ఒకే తలంలో పరుచుకుని ఉంటాయి. బంధాల మధ్య కోణాలు సుమారు 120 డిగ్రీలు. ఈథేన్‌లో రెండు కార్బన్ల మధ్య దూరం 154 పికోమీటర్లయితే ఇథిలీన్‌లో అది 134కు తగ్గుతుంది. దగ్గరికి లాగేది రెండో బంధం. మొదటి బంధమైన సిగ్మాలో ఎలక్ట్రాన్లు రెండు కార్బన్లనూ కలిపే గీత మీదే ఉంటాయి. రెండోదైన పై బంధంలో అవి తలానికి పైనా కిందా మేఘంలా వ్యాపిస్తాయి. ప్రతి కార్బన్ మీదా తలానికి నిట్టనిలువుగా నిలబడే ఒక్కో కక్ష్యకం పక్కనున్న దానితో సమాంతరంగా ఉన్నంతవరకే ఈ మేఘం నిలుస్తుంది. ఒక కార్బన్‌ను 90 డిగ్రీలు తిప్పితే సమాంతరత పోతుంది, పై బంధం తెగిపోతుంది. ఒక మేకుతో కొట్టిన చెక్క దాని చుట్టూ తిరుగుతుంది, రెండో మేకు పడ్డాక తిరగదు. తిప్పాలంటే ఒక మేకు ఊడాల్సిందే. ఆ మేకు ఖరీదు ఇక్కడ మోల్‌కు సుమారు 270 కిలోజౌళ్లు. ఈథేన్‌లో ఏకబంధం చుట్టూ తిరగడానికి అడ్డు 12 కిలోజౌళ్లే. రోహిణి కార్తె ఎండలో 45 డిగ్రీల దగ్గర పరమాణువుల కదలికల సగటు శక్తి ఆ లెక్కలో నాలుగు కిలోజౌళ్లకు లోపే. కాబట్టి ఏకబంధం సెకనుకు కోట్ల సార్లు తిరుగుతూనే ఉంటుంది. ద్విబంధం మాత్రం, బయటి నుంచి కాంతో ఉత్ప్రేరకమో వచ్చి కదిలిస్తే తప్ప, ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉంటుంది.

ఈ స్థిరత్వం వల్లే జ్యామితీయ సాదృశ్యం పుట్టింది. ద్విబంధానికి రెండు పక్కలా ఉన్న గొలుసు ముక్కలు ఒకే వైపున ఉంటే సిస్, ఎదురెదురు వైపుల ఉంటే ట్రాన్స్. సిస్‌లో గొలుసు మోచేయిలా వంగుతుంది, ట్రాన్స్‌లో దాదాపు తిన్నగా సాగిపోతుంది. నాలుగు కార్బన్ల 2-బ్యూటీన్‌నే చూడండి. సిస్ రూపం 3.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ట్రాన్స్ 0.9 దగ్గరే. గడ్డకట్టడంలో తేడా ఇంకా ఎక్కువ. సిస్ సున్నాకు 139 డిగ్రీల కింద గడ్డకడితే, ట్రాన్స్ 105 కిందే గడ్డకట్టేస్తుంది. తిన్నని అణువులు ఒకదాని పక్కన ఒకటి సర్దుకున్నంత బాగా వంగినవి సర్దుకోవు. సిస్‌లో రెండు మిథైల్ సమూహాలు ఒకే పక్కన ఇరుక్కుంటాయి కనుక దాని శక్తి కూడా ట్రాన్స్ కన్నా మోల్‌కు నాలుగు కిలోజౌళ్ల దాకా ఎక్కువ. వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర మరిగే రెంటినీ వేర్వేరు సీసాల్లో నింపవచ్చు, వేర్వేరు చీటీలు అతికించవచ్చు. ఒకే పదార్థం రెండు భంగిమల్లో ఉందని చెప్పడం ఇక కుదరదు.

ద్విబంధం మీద నాలుగు వేర్వేరు సమూహాలుంటే సిస్, ట్రాన్స్ అన్న పేర్లు తికమక పెడతాయి. దానికి ఉదాహరణ ఈ మైదానంలో పురుగుమందుల దుకాణాలన్నింటిలో దశాబ్దాల పాటు అమ్ముడైన మోనోక్రోటోఫాసే. కార్బన్ గొలుసును పట్టుకుని చూస్తే అది సిస్. కానీ ప్రతి కార్బన్ మీదా ఉన్న రెండు సమూహాల్లో పరమాణు సంఖ్యను బట్టి పెద్దది ఏదో తేల్చి, ఆ పెద్దవి రెండూ ఎటున్నాయో చూసే కాన్-ఇంగోల్డ్-ప్రెలాగ్ నియమం ప్రకారం ఫాస్ఫేటుకు ఆనుకున్న ఆక్సిజనూ ఎమైడ్ కార్బనూ ఎదురెదురుగా ఉన్నాయి. కాబట్టి దాని పేరులో వచ్చేది ఎదురుబొదురుకు గుర్తయిన ‘ఈ’ అక్షరం, ఒకే వైపుకు గుర్తయిన ‘జెడ్’ కాదు. పాత పుస్తకం సిస్ అన్నదాన్నే కొత్త పుస్తకం మరో అక్షరంతో పిలుస్తుంది. అణువు మాత్రం కదల్లేదు. ఇక్కడ మనం చూడబోయే పొడవాటి గొలుసుల్లో ఈ చిక్కు లేదు కనుక సిస్, ట్రాన్స్ చాలు.

ఇక గులాబీ రంగు పురుగు. శాస్త్రజ్ఞులు దీన్ని మొదట వర్ణించింది మన దేశంలోని నమూనాలతోనే. 1843లో సాండర్స్ అనే ఆంగ్లేయుడు గుజరాత్‌లోని భరూచ్ పత్తి నుంచి వచ్చిన పురుగులకు పేరు పెట్టాడు. కాయలోకి దూరాక మందు తగలదు, బయటికి గాయం కూడా సరిగా కనిపించదు. పూలు విచ్చుకోకుండా ముడుచుకుని గుడ్డిపూలుగా మిగలడం, కాయ పగలగొడితే గింజ డొల్లగా ఉండి దూదికి రంగు పట్టడం దాని ఆనవాళ్లు. అందుకే దీన్ని పిలుపు దగ్గరే పట్టుకోవాలన్న ఆలోచన చాలా ముందే వచ్చింది. 1959లో జర్మనీలో బ్యూటెనాంట్ బృందం దాదాపు 5 లక్షల ఆడ పట్టుపురుగుల నుంచి వాటి పిలుపు వాసనైన బాంబికాల్‌ను వేరుచేసి, తర్వాత రెండు ద్విబంధాలున్న ఆ ఆల్కహాల్‌కు సాధ్యమైన నాలుగు జ్యామితీయ రూపాల్లో ఒక్కటే సహజ వాసనతో సరితూగుతుందని చూపించింది. ఆ ఊపులో అమెరికా వ్యవసాయ శాఖ రసాయనజ్ఞులు 1966లో గులాబీ రంగు పురుగు వాసననూ కనుక్కున్నామని ప్రకటించి దానికి ప్రొపైల్యూర్ అని పేరు పెట్టారు. అదీ రెండు ద్విబంధాలున్న ఎసిటేటే. కానీ తయారుచేసి చేలో పెడితే మగపురుగులు రాలేదు. తర్వాత మూడేళ్లకు, సహజ వాసన ఏమిటో తేల్చకుండానే ఊరికే పదార్థాలను వరసపెట్టి పరీక్షిస్తుంటే హెక్సాల్యూర్ దొరికింది. పదహారు కార్బన్ల గొలుసులో ఏడో కార్బన్ దగ్గర ఒకే సిస్ ద్విబంధం ఉన్న ఎసిటేట్ అది. పురుగులు వచ్చాయి, కానీ ఆడపురుగు దగ్గరికి వచ్చినన్ని రాలేదు.

ఆ రెండు వైఫల్యాల్లో ఉన్న సమాచారం విలువైనది. హెక్సాల్యూర్ సగం నిజమని 1973లో తేలింది. హమ్మెల్, గాస్టన్, షోరీ తదితరులు కాలిఫోర్నియా పరిశోధనల్లో అసలు పదార్థాన్ని పట్టుకున్నారు. పదహారు కార్బన్ల గొలుసు, ఒక చివర ఎసిటేట్, 7వ కార్బన్ దగ్గర ఒకటి, 11వ కార్బన్ దగ్గర ఒకటి, మొత్తం రెండు ద్విబంధాలు. రెండు ద్విబంధాలకు రెండేసి చొప్పున నాలుగు రూపాలు సాధ్యం. అందులో 7వది ఎప్పుడూ సిస్‌గానే ఉండాలి. 11వది సగం అణువుల్లో సిస్, సగంలో ట్రాన్స్. సిస్-సిస్, సిస్-ట్రాన్స్ రూపాల సరిసమాన మిశ్రమమే గాసిప్లూర్. లింగాకర్షక బుట్టల్లో నేటికీ వేలాడేది అదే. ఇలాంటి అణువులో ద్విబంధం స్థానం కనిపెట్టడానికి రసాయనజ్ఞుల చేతిలో ఒక పాత కత్తి ఉంది, ఓజోన్. అది ద్విబంధాన్ని పట్టుకుని అణువును సరిగ్గా అక్కడే తెంచుతుంది. గాసిప్లూర్‌ను తెంచితే గొలుసు ఏడు, నాలుగు, ఐదు కార్బన్ల ముక్కలవుతుంది. మొత్తం పదహారు, లెక్క సరిపోతుంది. కానీ తెగిన ముక్కల్లో వంపు మిగలదు. నాలుగు రూపాలూ ఓజోన్ కింద ఒకే ముక్కలనిస్తాయి. వంపు సంగతి పరారుణ కాంతి వంటి వేరే సాక్షిని అడిగి తెలుసుకోవాలి. పురుగు మీసానికి ఇంత తతంగం అవసరం లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ఆకారం అంత కచ్చితంగా పట్టింపైతే రెండు రూపాల మిశ్రమం ఎందుకు పనిచేస్తోంది? పురుగు రెండింటినీ ఒకటిగానే చూస్తోందేమో? దీనికి జవాబు ధాన్యపు కొట్టులో ఉంది. వడ్లనూ మొక్కజొన్ననూ నిల్వలో తినే చిన్న రెక్కలపురుగు, శాస్త్రీయంగా సిటోట్రోగా, పిలుపుకు వాడేది ఇదే అణువు. అయితే అది ఒక్క సిస్-ట్రాన్స్ రూపాన్నే వాడుతుంది. అంటే కృష్ణా డెల్టా వడ్లకొట్టులో పురుగును రప్పించే పదార్థానికి దాని సిస్-సిస్ తోబుట్టువును సమానంగా కలిపితే పల్నాడు పత్తిపురుగు వస్తుంది. రెంటినీ ఒకటిగా చూసే జీవికి కొలత అక్కర్లేదు. విడివిడిగా చూసే జీవికి మాత్రమే పాళ్లు అనేవి అర్థవంతం. రెక్కలపురుగుల మీసాల్లో వేర్వేరు రూపాలకు వేర్వేరు గ్రాహక కణాలుంటాయి, మెదడు వాటి పాళ్లను పోల్చుకుంటుంది. కాబట్టి మిశ్రమం ఈ వాదనను బలహీనపరచదు, ఒక మెట్టు పైకి తీసుకెళుతుంది.

పత్తినీ మిరపనూ రెంటినీ తొలిచే శనగపచ్చ పురుగు మరో రకం తేడాను చూపిస్తుంది. దాని వాసన పదహారు కార్బన్ల ఆల్డిహైడ్. నూటికి సుమారు 97 పాళ్లు 11వ కార్బన్ దగ్గర సిస్ ద్విబంధం ఉన్నది, మిగతా మూడు పాళ్లు 9వ కార్బన్ దగ్గర సిస్ ద్విబంధం ఉన్నది. వంపు రెండింట్లోనూ ఉంది, వంగిన చోటు మారింది. పాఠంలో దీన్ని స్థాన సాదృశ్యం అంటారు. నూటికి మూడు పాళ్లు అల్పమనిపించవచ్చు. అది లేకపోతే బుట్టలో పడే పురుగులు తగ్గిపోతాయి.

ఇంకో అభ్యంతరం దీనికన్నా లోతైనది. జీవుల అభిరుచి రసాయనానికి రుజువెలా అవుతుంది? పురుగు వేల ఏళ్ల పరిణామంలో ఏదో ఒక రూపానికి అలవాటుపడి ఉండొచ్చు, అది పురుగు గురించి చెబుతుంది కానీ పదార్థం గురించి కాదు గదా అని. నిజమే. అందుకే పురుగును పక్కనబెట్టి నూనె దగ్గరికి రావాలి. నూనెలో ఉండే ఓలియిక్ ఆమ్లం సిస్. అది 13, 14 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే మన వాతావరణంలో ఎప్పుడూ ద్రవమే. దాని ట్రాన్స్ జంట అయిన ఇలాయిడిక్ ఆమ్లం 44 డిగ్రీల దాకా గట్టిగానే ఉంటుంది. ఏ మీసమూ, ఏ మెదడూ లేకుండా ఒక వంపు సుమారు ముప్ఫై డిగ్రీల తేడా తెచ్చింది. నూనెను గట్టిపరిచి వనస్పతి చేసేవారు వాడుకున్నది ఈ తేడానే. నికెల్ సమక్షంలో ద్విబంధానికి హైడ్రోజన్ కలిపితే అది ఏకబంధమై గొలుసు తిన్ననవుతుంది. అదే ఆల్కీన్లకు స్వభావసిద్ధమైన సంకలన చర్య. బ్రోమిన్ నీళ్ల ఎర్రదనం నూనెలో మాయమయ్యేదీ ఈ చర్య వల్లే. కానీ నికెల్ ఉపరితలం మీద కొన్ని అణువులు ఒక హైడ్రోజన్‌ను తీసుకుని, చుట్టు తిరిగి, మళ్లీ వదిలేస్తాయి. ద్విబంధం తిరిగి వచ్చేసరికి అది ట్రాన్స్ అయి ఉంటుంది. అమెరికాలో 1911లో బజారుకొచ్చిన క్రిస్కో మొదట పత్తి గింజల నూనెతో చేసిందే. ఆ ట్రాన్స్ కొవ్వులు రక్తంలో చెడు కొలెస్టరాల్‌ను పెంచి మంచిదాన్ని తగ్గిస్తాయని తేలాక, మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2022 జనవరి నుంచి వాటిని కొవ్వులో 2 శాతానికి పరిమితం చేసింది. చట్టం పరిమితి పెట్టింది అణుసూత్రానికి కాదు, వంపు లేకపోవడానికి.

అలాగని వంపు అన్నిచోట్లా రాజ్యం చేస్తుందని చెబితే అబద్ధమవుతుంది, దాన్ని కాదనే సాక్ష్యం గుంటూరు మిర్చి యార్డులోనే బస్తాలకెత్తి ఉంది. కారానికి మూలమైన క్యాప్సైసిన్ తోకలో ఒక ట్రాన్స్ ద్విబంధం ఉంది. కాయలో దాని పక్కనే డైహైడ్రోక్యాప్సైసిన్ కూడా ఉంటుంది. అదే అణువు, ఆ ద్విబంధానికి రెండు హైడ్రోజన్లు చేరి ఏకబంధమైంది, అంతే. ఈ రెండూ కలిసి కారపు పదార్థాల్లో పదింట తొమ్మిది వంతుల దాకా ఉంటాయి. నాలుక మీద రెండూ సమానమే. శుద్ధరూపంలో రెండింటికీ స్కోవిల్ కొలత సుమారు 160 లక్షలు. క్యాప్సైసిన్ సిస్ రూపాన్ని ప్రయోగశాలలో చేశారు, అదీ అదే గ్రాహకాన్ని తడుతుంది. 1997లో డేవిడ్ జూలియస్ గుర్తించి, 2021లో నోబెల్ అందుకోవడానికి కారణమైన ఆ గ్రాహకం అణువు తలనూ మెడనూ గట్టిగా పట్టుకుంటుంది. తోక నుంచి దానికి కావలసింది తగినంత పొడవు. తోకలో ఒక కార్బన్ తగ్గిన నార్‌డైహైడ్రోక్యాప్సైసిన్ కారం 91 లక్షలకు పడిపోతుంది. కనుక చెప్పదగ్గ మాట ఇంతవరకే. వంపు పదార్థానికి ఎప్పుడూ ఉంటుంది, కానీ ఎదుటి వస్తువు ఆ భాగాన్ని తాకినప్పుడే ఫలితంలో బయటపడుతుంది. పురుగు మీసం గొలుసు పొడవునా తడిమి చూస్తుంది, స్ఫటికం అణువులను పక్కపక్కన పేర్చి చూస్తుంది, మన నాలుక తోక చివరి వంపును పట్టించుకోదు.

అదే మిరపకాయలో ఎరుపు సంగతి పూర్తిగా తలకిందులు. అక్కడ ద్విబంధాలే సర్వస్వం. ఎరుపునిచ్చే క్యాప్సాంథిన్‌లో పది కార్బన్-కార్బన్ ద్విబంధాలు ఒకటి విడిచి ఒకటిగా, మధ్యలో ఏకబంధాలతో వరసగా ఉంటాయి. చివర ఒక కీటోన్ కూడా ఆ వరసలో చేరుతుంది. ఇలా వరసగా ఉన్న సంయుగ్మ ద్విబంధాల్లో పై మేఘాలు విడివిడిగా ఉండవు, అణువు పొడవునా ఒకే మేఘంగా కలిసిపోతాయి. ఒంటరి ద్విబంధం కంటికి కనిపించని దూరపు అతినీలలోహిత కాంతిని మాత్రమే మింగుతుంది, అందుకే ఇథిలీన్‌కు రంగులేదు. వరస పొడుగయ్యే కొద్దీ మింగే కాంతి కనిపించే హద్దులోకి జరుగుతుంది. క్యాప్సాంథిన్ నీలాన్నీ ఆకుపచ్చలో కొంతనూ మింగేసి ఎరుపును వదిలేస్తుంది. ఎగుమతిదారులు రంగు విలువ కట్టేటప్పుడు ఎసిటోన్‌లో తీసిన సారం 460 నానోమీటర్ల కాంతిని ఎంత ఆపుతుందో కొలిచేది ఇందుకే. తేజ రకంలో కారం ఎక్కువ, బ్యాడిగిలో రంగు ఎక్కువ అని యార్డులో అందరికీ తెలిసిన మాటకు రసాయన భాష్యం చెప్పాలంటే, ఒకటి ద్విబంధం పట్టని గుణం, మరొకటి ద్విబంధాల వరసే అయిన గుణం. ఒకే కాయలో రెండూ ఉన్నా అవి కలిసి పెరగాలని నియమమేమీ లేదు.

ఇక్కడ ఆల్కీన్ల పాఠంలో అంతగా చెప్పని విషయమొకటి పైకి వస్తుంది. ద్విబంధం సిస్‌దా ట్రాన్స్‌దా అన్నదెంత ముఖ్యమో, రెండు ద్విబంధాల మధ్య ఎడమెంత అన్నదీ అంతే ముఖ్యం. మిరప ఎరుపులో ఎడం లేదు, ఏకబంధం ఒక్కటే అడ్డు. పత్తినూనెలోని లినోలియిక్ ఆమ్లంలో రెండు ద్విబంధాల నడుమ ఒక కార్బన్ ఉంది. గాసిప్లూర్‌లో రెండు కార్బన్లున్నాయి. ఎడం లేనిచోట రంగు వస్తుంది, దాంతోపాటే బలహీనతా వస్తుంది. కనిపించే కాంతిని మింగగలిగే అణువు ఆ కాంతితో మారిపోనూ గలదు. ఆక్సిజన్ ఆ పొడవాటి మేఘాన్ని ఎక్కడైనా పట్టుకోగలదు, వరస మధ్యలో తెగితే ఎరుపు పోతుంది. కల్లంలో అవసరానికి మించి ఎండలో పడున్న కాయ తెల్లబారడం, ఎండిన కాయను కోల్డ్ స్టోరేజీ చల్లదనంలో, చీకట్లో పెట్టడం రెండూ ఈ రసాయనానికే చెందుతాయి. (యార్డులో తాలుగా వేరుచేసే ప్రతి కాయకూ ఇదే కారణమనుకోకూడదు, తెగుళ్లూ అకాల వానలూ కూడా కాయను పాలిపోయేలా చేస్తాయి.) ఒక కార్బన్ ఎడమున్న చోట రంగు లేదు, కానీ నడుమ ఇరుక్కున్న ఆ కార్బన్ మీది హైడ్రోజన్ వదులుగా ఉంటుంది. రెండు వైపులా ద్విబంధాలుండటంతో, అది ఊడిపోయాక మిగిలే ఒంటరి ఎలక్ట్రాన్ రెండు వైపులా పంచుకుని సుఖపడగలదు. గాలిలోని ఆక్సిజన్ అక్కడే చేరుతుంది. నూనెకు ముక్కవాసన పట్టేది ఆ దారిలోనే. ఒకే ద్విబంధమున్న ఓలియిక్ కన్నా లినోలియిక్ అనేక రెట్లు వేగంగా చెడిపోవడానికీ కారణం అదే. రెండు కార్బన్ల ఎడముంటే ఈ సౌకర్యం పోతుంది. గాసిప్లూర్‌లోని రెండు ద్విబంధాలూ ఒకదాని సంగతి మరొకదానికి తెలియనంత దూరంలో ఉంటాయి, దేని వంపు దానిదే. అణుసూత్రం ఒకటే అయిన నూనె ఆమ్లానికీ పురుగు పిలుపుకూ మధ్య తేడాలో ఆమ్లం, ఎస్టర్ అన్నది సగమే. మిగతా సగం ఈ ఒక్క కార్బన్ ఎడంలో ఉంది.

దీని ఫలితం చేలోనే కనిపిస్తుంది. పొగాకు లద్దెపురుగు మిరపనూ వదలదు. దాని వాసనలో ప్రధానమైనది 9, 11 స్థానాల్లో ద్విబంధాలున్న పద్నాలుగు కార్బన్ల ఎసిటేట్, అంటే సంయుగ్మం. అలాంటి జంట ఎండకు తేలిగ్గా ఒక రూపం నుంచి మరో రూపానికి జారుతుంది, ఆక్సిజన్‌కూ తేలిగ్గా లొంగుతుంది. గాసిప్లూర్‌కు ఆ బెడద తక్కువ. అయినా రబ్బరు బిళ్లలోంచి రోజూ కొంత ఆవిరవుతూనే ఉంటుంది కనుక ఎరను గడువులోపల మార్చాల్సిందే. ఇన్ని జాగ్రత్తలతో ఉన్న వంపును కర్మాగారంలో ఎలా తెస్తారన్నదీ ఆల్కీన్ల రసాయనమే. త్రిబంధమున్న గొలుసుకు లిండ్లార్ 1952లో రూపొందించిన మందగించిన పెల్లేడియం ఉత్ప్రేరకం మీద హైడ్రోజన్ కలిపితే రెండు హైడ్రోజన్లూ లోహం ఉన్న వైపు నుంచే చేరతాయి, ఫలితం సిస్. అదే త్రిబంధాన్ని ద్రవ అమ్మోనియాలో సోడియంతో క్షయకరిస్తే ట్రాన్స్ వస్తుంది. ముడిసరుకు ఒకటే, చేర్చే దారి మారితే వంపు మారుతుంది. వంపు పదార్థ లక్షణం కాదని ఇంకా వాదించేవారు, కావాలనుకున్న వంపును ఇలా కావాలనుకున్నట్టు చేయగలగడానికి వేరే వివరణ చెప్పాలి.

చివరిగా రైతు అడిగే ప్రశ్న. ఇంత తెలిస్తే పురుగు ఎందుకు పోలేదు? 1987లో ఈ మైదానంలో పైరిథ్రాయిడ్ పురుగుమందులు శనగపచ్చ పురుగు మీద పనిచేయడం మానేశాయి. 2002లో దేశంలోకి పురుగును చంపే జన్యువు పెట్టిన బీటీ పత్తి వచ్చింది, 2010కల్లా గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు దాని మొదటి జన్యువును తట్టుకుంటున్నట్టు నిర్ధారణ అయింది. వాసన బుట్ట ఆ రెండింటికీ ప్రత్యామ్నాయం కాదు, కాగలదని రసాయనం ఎప్పుడూ చెప్పలేదు. బుట్టలో పడేది మగపురుగే. మిగిలిన ఒక్క మగపురుగు అనేక ఆడపురుగులతో జతకట్టగలదు. పక్కచేలో ముందే జతకట్టిన ఆడపురుగు ఎగిరొచ్చి ఇక్కడ గుడ్లు పెడితే బుట్టకు ఆ సంగతే తెలియదు. అందుకే వరసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి పురుగులు పడితే మందుకు సిద్ధం కమ్మని హెచ్చరించే గడియారంగా దాన్ని వాడటం సరైనది. పెద్ద విస్తీర్ణంలో అందరూ కలిసి గాలి నిండా వాసన నింపి మగపురుగును దారి తప్పించడం ఇంకా పెద్ద పని. అమెరికా పత్తి నుంచి ఈ పురుగు తొలగిపోయిందని 2018లో ప్రకటించినప్పుడు, ఆ విజయంలో బీటీ పత్తీ, వంధ్యీకరించి వదిలిన పురుగులూ, సమయానికి మోళ్లు దున్నేయడమూ వాసనతో పాటు ఉన్నాయి. మన దగ్గర కాసిన్ని కాయల కోసం పంటను మార్చి దాకా నిలబెట్టేచోట పురుగుకు ఏడాది పొడవునా ఇల్లు దొరుకుతుంది, గాసిప్లూర్ ఎంత శుద్ధంగా ఉన్నా ఆ ఇల్లు కూల్చలేదు.

అయినా బుట్ట వాడుకలో ఒక చిన్న సూచన ఈ పాఠానికి దగ్గరిది. రెండు పురుగుల ఎరలను ఒకే బుట్టలో వేయవద్దని, ఒక ఎర పట్టుకున్న చేతితో కడుక్కోకుండా ఇంకోటి తాకవద్దని చెబుతారు. రెండు ఎరలుంటే రెండు రకాల పురుగులు పడాలి గదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మగపురుగు గాలిలో వెతికేది తన పిలుపులోని అణువులనే కాదు, వాటి పాళ్లను కూడా. పదహారు కార్బన్ల ఎసిటేట్ల మధ్యకు పదహారు కార్బన్ల ఆల్డిహైడో, ఇంకో చోట వంగిన పద్నాలుగు కార్బన్ల ఎసిటేటో వచ్చి చేరితే అది వేరే జాతి కబురులా తోచవచ్చు. కలిపిన బుట్టలో రెండు జాతులూ తగ్గుతాయి.